హైదరాబాద్‌లో డ్రోన్ ఎక్కడ ఎగరేయొచ్చు? మ్యాప్‌లో గ్రీన్ ఉంటే సరిపోతుందా?

కోకాపేట_కుర్రాడు:

అందరికీ నమస్తే. 249 గ్రాముల కెమెరా డ్రోన్ ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్నాను. ఎగరేయడం వచ్చు, చట్టం సంగతే తేలడం లేదు. 250 గ్రాములు దాటని నానో డ్రోన్‌కి ఏ రూలూ లేదని ఒకరంటారు. 50 అడుగులు దాటితే కేసేనని ఇంకొకరు. డ్రోన్ యాప్ మాత్రం ఎక్కడ పెట్టినా టేకాఫ్ ఇచ్చేస్తోంది.

నేను తీయాలనుకున్నవి నాలుగు చోట్లు: కోకాపేటలో మా 32 అంతస్తుల అపార్ట్‌మెంట్ టెర్రస్, గండిపేట చెరువు, గోల్కొండ కోట, వచ్చే నెల శంషాబాద్ దగ్గర ఫంక్షన్ హాల్లో మా చెల్లెలి పెళ్లి. ఎక్కడ కుదురుతుందో ఎక్కడ కుదరదో నాకు నేనే చూసుకునే పద్ధతి చెప్పండి. రేపు ఇంకో ఊరికి వెళ్లినా పనికొస్తుంది.

పటం_చూడు:

పద్ధతి ఉందండి. ముందు ఆ డ్రోన్ యాప్‌ని పక్కన పెట్టేయండి. అందులో కనిపించే జోన్లు ఆ కంపెనీ సొంతంగా గీసుకున్నవి, మన ప్రభుత్వం గీసిన గగనతలం మ్యాప్‌తో వాటికి సంబంధం లేదు. యాప్ ఆపలేదు కాబట్టి ఎగరేశానంటే ఎవరూ వినరు.

చూడాల్సింది డీజీసీఏ (కేంద్ర పౌర విమానయాన నియంత్రణ సంస్థ) వారి డిజిటల్ స్కై వెబ్‌సైట్‌లో ఉన్న ఎయిర్‌స్పేస్ మ్యాప్. 2021 ఆగస్టు 25న డ్రోన్ రూల్స్ వచ్చాయి, ఆ సెప్టెంబర్ 24న ఈ మ్యాప్ పెట్టారు. మీరు ఎగరేసే చోటికి వెళ్లి అది ఏ రంగులో ఉందో చూడడమే. రంగుల అర్థం ఇదీ:

గ్రీన్ అంటే నేల నుంచి 400 అడుగుల దాకా, అంటే 120 మీటర్ల దాకా, గగనతలం కోసం ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆ పైన ఎల్లో అయిపోతుంది. విమానాశ్రయం ప్రహరీ నుంచి 8 కిలోమీటర్లు దాటి 12 లోపు ఉన్న చోట ఈ గ్రీన్ 200 అడుగులకే, అంటే 60 మీటర్లకే ఆగిపోతుంది. 5 నుంచి 8 కిలోమీటర్ల మధ్య నేల నుంచే ఎల్లో, ఏటీసీ (విమానాల రాకపోకలు నియంత్రించే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్) అనుమతి లేకుండా మీటరు ఎత్తు కూడా లేవకూడదు. 5 లోపు రెడ్, కేంద్ర ప్రభుత్వం అనుమతిస్తే తప్ప లేదు. విమానాశ్రయాలతో సంబంధం లేని రెడ్ ముక్కలు కూడా ఉంటాయి: రక్షణ సంస్థలు, సైనిక ప్రాంతాలు, అణు ఇంధన కర్మాగారం లాంటివి.

హైదరాబాద్‌లో చిక్కేమిటంటే మనకున్నది ఒక్క శంషాబాద్ కాదు. బేగంపేట ఉంది. ఉత్తరాన హకీంపేట, వాయవ్యాన దుండిగల్ ఉన్నాయి, ఆ రెండూ వైమానిక దళానివి. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కి వెళ్లిపోయాక బేగంపేట మూతపడిందని చాలామంది లెక్క. మూతపడలేదు, వీఐపీల విమానాలు, హెలికాప్టర్లు ఇప్పటికీ దిగుతుంటాయి. అందుకే ట్యాంక్‌బండ్, నెక్లెస్ రోడ్, సచివాలయం చుట్టుపక్కల డ్రోన్ ఆలోచనే పెట్టుకోకండి. హుస్సేన్‌సాగర్ నడిమధ్య నుంచి బేగంపేట రన్‌వేకి నాలుగు కిలోమీటర్లు కూడా ఉండదు.

దూరం కొలిచేటప్పుడు రెండు తప్పులు మళ్లీ మళ్లీ చూస్తుంటాం. ఒకటి, గూగుల్ మ్యాప్‌లో విమానాశ్రయం పేరున్న పిన్ దగ్గర్నుంచి కొలవడం. రూల్‌లో ఉన్నది ప్రహరీ నుంచి లెక్క. శంషాబాద్ ప్రాంగణం 5 వేల ఎకరాలు పైనే, పెద్ద రన్‌వే ఒక్కటే 4 కిలోమీటర్లకు మించి పొడవు. పిన్ నుంచి కొలిస్తే రెండు కిలోమీటర్లు అటూ ఇటూ అయిపోతుంది. దుర్గం చెరువు ఇలాంటి అంచు కేసే: బేగంపేట మధ్య నుంచి కొలిస్తే 8 దాటినట్టు కనిపిస్తుంది, ప్రహరీ నుంచి కొలిస్తే దాటకపోవచ్చు. ఒకచోట 60 మీటర్ల దాకా స్వేచ్ఛ, ఇంకోచోట అసలు అనుమతే కావాలి, తేడా అంత పెద్దది. రోడ్డు దూరం కూడా లెక్కలోకి రాదు, గీత గీసినట్టు నేరు దూరమే.

రెండోది అక్షాంశ రేఖాంశాల గోల. ఫోన్ మ్యాప్‌లో చోటు మీద వేలు పెట్టి నొక్కి ఉంచితే 17.38, 78.48 లాంటి అంకెలు వస్తాయి. పాయింట్ తర్వాత కనీసం నాలుగు అంకెలు తీసుకోండి, అప్పుడు చోటు 11 మీటర్ల తేడాలో దొరుకుతుంది. రెండే తీసుకుంటే తేడా కిలోమీటరు దాటుతుంది. ఎక్కడైనా 17 డిగ్రీల 23 నిమిషాలు అని రాసి ఉంటే దాన్ని 17.23 అని కొట్టకండి. నిమిషాలు 60తో భాగించాలి, అది 17.383 అవుతుంది. ఈ ఒక్క పొరపాటుతో పిన్ 17 కిలోమీటర్లు దక్షిణానికి జారుతుంది. గోల్కొండ కోసం వెతికిన వాళ్లకి శంషాబాద్ వైపు రెడ్ కనిపించి తికమక పడేది ఇందుకే.

కొలత మీ అవగాహన కోసం. చివరి మాట మాత్రం మ్యాప్ మీది రంగుదే.

గాలిమోటర్:

అన్నా, జోన్ల సంగతి పైన మంచిగ చెప్పిండు. నేను ఎత్తు ముచ్చట చెప్త, నీ టెర్రస్‌కి అసలు తిరకాసు అక్కడ్నే ఉంది.

120 మీటర్లు అంటే నేల మీదికెళ్లి లెక్క. నీ యాప్ చూపెట్టేది టేకాఫ్ అయిన జాగ నుంచి లెక్క. రెండూ ఒకటి కాదు. అంతస్తుకి 3 మీటర్ల మీద కొద్దిగ ఏసుకున్నా 32 అంతస్తుల టెర్రస్ 100 మీటర్ల ఎత్తుల ఉంటది. యాప్‌ల సున్నా కనపడేటప్పటికే నువ్వు 100 మీద ఉన్నవ్. ఇంక మిగిలింది 20 మీటర్లే. యాప్‌ల 50 చూసి తక్కువలనే ఉన్న అనుకుంటవ్, నేల నుంచి అది 150, ఎల్లోల పోయినట్టే. అదే టెర్రస్ 8 నుంచి 12 కిలోమీటర్ల పట్టీల ఉంటే? 60 మీటర్ల గీత నీ కాళ్ల కిందనే ఎక్కడో 19వ అంతస్తు కాడ పోతది. అసుంటి బిల్డింగ్ టెర్రస్ నుంచి లేపుడే లేదు, కిందికొచ్చి లాన్ల పెట్టి లేపాలె.

గుట్టల మీద దీనికి ఉల్టా. అంచు మీద నిలబడి 80 మీటర్లు లేపి లోయ దిక్కు పంపితే, కింద నేల 70 మీటర్లు దిగిపోయిందనుకో, డ్రోన్ ఉన్న కాడనే ఉండి 150 అయితది. స్క్రీన్ మీద అంకె ఒక్కటి మారదు. అందుకే గుట్ట మీదికెళ్లి ఎగరేసినప్పుడు కిందున్న నేల ఎత్తు ముందుగాల్నే గూగుల్ ఎర్త్‌ల చూసి రాసి పెట్టుకోవాలె.

ఇప్పుడు సెట్టింగులు. గరిష్ఠ ఎత్తు అని ఒకటి ఉంటది, దాన్ని నీ లెక్క ప్రకారం తగ్గించి పెట్టు. మీ టెర్రస్‌కైతే 15. ఎందుకు 20 కాదంటే, డ్రోన్ ఎత్తు కొలిచేది గాలి ఒత్తిడితోని, బ్యాటరీ వేడెక్కినా గాలి మారినా రెండు మూడు మీటర్లు అటిటు అయితది. అందరు మర్చిపోయేది రిటర్న్ టు హోమ్ ఎత్తు. కొన్ని మోడళ్లల అది 100 మీటర్ల మీద పెట్టొస్తది. సిగ్నల్ పోయిందంటే డ్రోన్ నిన్ను అడగకుండ ఆ ఎత్తుకి లేచి వాపస్ వస్తది. మొత్తం 40 మీటర్లల్ల ఎగరేసి, ఆఖరికి సిగ్నల్ పోయిన ఆ ఒక్క నిమిషంల రూల్ తప్పుతవ్. గరిష్ఠ ఎత్తు తగ్గించినంక రిటర్న్ ఎత్తు కూడ ఏమైందో తెరిచి కండ్లతోని చూడు.

60 మీటర్ల పట్టీల ఇంకో లొల్లి ఉంటది. రిటర్న్ ఎత్తు 55 పెట్టినవ్, చుట్టూత 80 మీటర్ల టవర్లున్నయ్. సిగ్నల్ పోతే ఎటు రావాలె అది? టవర్‌కి గుద్దుకుంటది. ఎత్తు పెంచితే తప్పు, తగ్గిస్తే గుద్దుడు. అసుంటి జాగల రంగు గ్రీన్ ఉన్నా వద్దనే నేను చెప్త.

టెర్రస్ మీద ఇంకొక్కటి. స్లాబ్‌ల ఇనుప చువ్వలుంటయ్ కదా, డ్రోన్ దిక్సూచిని ఆగం చేస్తయ్. నేల మీద పెట్టి క్యాలిబ్రేట్ చెయ్యకు. ప్లాస్టిక్ కుర్చీ మీద పెట్టి లేపు, నీళ్ల ట్యాంక్ పక్కన అసలే వద్దు.

కోకాపేట_కుర్రాడు:

ఇద్దరికీ థ్యాంక్స్. టెర్రస్ నుంచి 120 మీటర్లు లేపొచ్చనే ఇన్నాళ్లూ అనుకున్నాను, ఎత్తు లెక్క ఎవరూ చెప్పలేదు. గరిష్ఠ ఎత్తు 15కి దించాను, రిటర్న్ ఎత్తు చూస్తే 100 ఉంది, అదీ మార్చాను.

ఇంకో సందేహం. నాది 249 గ్రాములు కాబట్టి నానో. ఈ జోన్లన్నీ నానోకి వర్తిస్తాయా? రిజిస్ట్రేషన్ కావాలా? ఆ 50 అడుగుల మాట ఎక్కడిది?

రూలుకర్ర:

50 అడుగుల మాట పాత నిబంధనలది. 2018 డిసెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన అప్పటి డీజీసీఏ నియమాల్లో నానోకి 50 అడుగుల లోపు కొన్ని మినహాయింపులుండేవి. 2021 డ్రోన్ రూల్స్ వచ్చాక ఆ గీత పోయింది. యూట్యూబ్‌లో పాత వీడియోలు ఇంకా తిరుగుతున్నాయి కాబట్టి ఆ మాట కూడా తిరుగుతూనే ఉంది. విమానాశ్రయం చుట్టూ 45 కిలోమీటర్లు ఎల్లో అనే మాట కూడా అలాంటిదే, దాన్ని 2021లోనే 12కి తగ్గించారు. ఏదైనా చదివేటప్పుడు ముందు తారీఖు చూడండి. 2021 ఆగస్టుకి ముందుదైతే మూసేయండి.

ఇప్పుడున్న రూల్స్‌లో 250 గ్రాములు, అంతకంటే తక్కువ ఉంటే నానో. 250 గ్రాముల పైన 2 కిలోల దాకా మైక్రో. 25 కిలోల దాకా స్మాల్. నానోకి మూడు మినహాయింపులున్నాయి: రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు, టైప్ సర్టిఫికెట్ (ఆ మోడల్‌కి ఇచ్చే ధ్రువీకరణ) అక్కర్లేదు, థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి కాదు. అంతే. జోన్ల నుంచి మినహాయింపు లేదు. శంషాబాద్ ప్రహరీ పక్కన 249 గ్రాములైనా 2 కిలోలైనా రెడ్ రెడ్డే. విమానం ఇంజిన్‌లోకి వెళ్లే వస్తువు బరువు ఎంతైతేనేం.

యూఐఎన్ అనే గుర్తింపు సంఖ్య విషయంలోనే జనం ఎక్కువ తప్పు పడుతున్నారు. రూల్ ఎవరూ యూఐఎన్ లేకుండా ఎగరేయకూడదనే చెబుతుంది, నానో అని విడిగా వదిలేయలేదు. ఫారం డీ-2, ఫీజు 100 రూపాయలు. మీది సెకండ్‌హ్యాండ్ కాబట్టి ముందు అమ్మినవారిని అడగండి. వాళ్ల పేరు మీద యూఐఎన్ ఉంటే ఫారం డీ-3తో మీ పేరుకి బదిలీ చేయించుకోవాలి, అదీ 100 రూపాయలే. బదిలీ చేయించుకోకపోతే రేపు ఏదైనా జరిగినప్పుడు కాగితాల్లో యజమాని ఆయనే, చేతిలో డ్రోన్ ఉన్నది మీరు. ఇద్దరికీ ఇబ్బంది.

ఆ డ్రోన్ దేశంలోకి ఎప్పుడు వచ్చిందో కూడా కనుక్కోండి. 2022 ఫిబ్రవరి 9 నుంచి విదేశీ డ్రోన్ల దిగుమతి నిషేధం. పరిశోధన, రక్షణ, భద్రత అవసరాలకే మినహాయింపు, విడిభాగాలకి మాత్రం అడ్డు లేదు. ఆ తారీఖు తర్వాత ఎవరో సూట్‌కేసులో తెచ్చిన డ్రోన్‌ని కొంటే దాని రిజిస్ట్రేషన్ దగ్గరే ఆగిపోతారు. పాత బిల్లు అడగడం మొహమాటం అనుకోవద్దు.

బరువు సంగతి కూడా. 249 అనేది మామూలు బ్యాటరీతో. పెద్ద బ్యాటరీ వేస్తే, ప్రొపెల్లర్ గార్డులు తగిలిస్తే 250 దాటి మైక్రోలోకి వెళ్లిపోతుంది. రూల్‌లో లెక్క ఎగిరేటప్పుడు ఉన్న మొత్తం బరువుకి. వంటింట్లో పిండి తూచే డిజిటల్ త్రాసు చాలు, మెమరీ కార్డు, ఫిల్టర్, అంటించిన స్టిక్కర్‌తో సహా పెట్టి చూడండి. మైక్రో అయినా సొంత సరదాకి ఎగరేస్తే పైలట్ సర్టిఫికెట్ అడగరు, డబ్బు తీసుకుని పని చేస్తే అడుగుతారు.

రూల్ తప్పితే జరిమానా లక్ష రూపాయల దాకా ఉంటుంది.

చార్మినార్_గల్లీ:

గోల్కొండ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. మ్యాప్ చెప్పేది గాలి సంగతి ఒక్కటే, మీరు నిలబడే నేల సంగతి దానికి తెలియదు. ఆ నేల ఎవరిదో వారి అనుమతి విడిగా కావాలి. 

గోల్కొండ కోట, చార్మినార్ రెండూ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవి. లోపల డ్రోన్ ఎగరేయాలంటే ఆ శాఖ నుంచి లిఖితపూర్వక అనుమతి ఉండాలి. టికెట్ కౌంటర్ దగ్గర దొరికేది కాదు అది. బ్యాగులో ఉన్నా గేటు దగ్గర ఆపేస్తారు. గోడ బయట రోడ్డు మీద నిలబడి లోపలికి పంపడం ఉపాయం కాదు, ఎగురుతున్నది వారి కట్టడం మీదే కదా. పైగా గోల్కొండ పక్కనే ఆర్టిలరీ సెంటర్ ఉంది. మ్యాప్‌లో కోట మీద పిన్ పెట్టి ఊరుకోకుండా చుట్టూ కిలోమీటరున్నర దాకా రంగు చూడండి. గాలి తోస్తే డ్రోన్ ఎటు పోతుందో మన చేతుల్లో ఉండదు. కుతుబ్‌షాహీ సమాధులు మాత్రం రాష్ట్ర వారసత్వ శాఖ కిందికి వస్తాయి, అక్కడ అడగాల్సిన ఆఫీసు వేరు. రెండూ ఒకే రోడ్డు మీద ఉన్నాయని ఒకే అర్జీ పెట్టి తిరిగే వాళ్లున్నారు.

కేబీఆర్ పార్కు, చిలుకూరు దగ్గర మృగవని, వనస్థలిపురం హరిణ వనస్థలి: ఇవన్నీ అటవీ శాఖవి, 1972 వన్యప్రాణి చట్టం కింద ఉన్నవి. డ్రోన్ చప్పుడుకి నెమళ్లు, జింకలు బెదిరి పరిగెత్తడం కళ్లతో చూస్తే ఎవరికీ ఎగరేయాలనిపించదు. అనంతగిరిలో కూడా చాలా భాగం రిజర్వ్ ఫారెస్ట్, అక్కడ రోడ్డు పక్కన కారు ఆపి లేపే ముందు అటవీ శాఖవారిని అడగండి.

గండిపేట మీ నాలుగు చోట్లలో కాస్త తేలికైనది. బేగంపేట, శంషాబాద్ రెండింటి నుంచీ 12 కిలోమీటర్లు దాటే ఉంటుంది. అదే హిమాయత్‌సాగర్ అయితే శంషాబాద్‌కి దగ్గర, అక్కడ 60 మీటర్ల గీత గుర్తుంచుకోవాలి. జంట జలాశయాలని రెండింటికీ ఒకే లెక్క వేయకండి. గండిపేటలో కట్ట, గేట్ల ప్రాంతం జలమండలిది, నగరానికి తాగునీళ్లిచ్చే చెరువు కాబట్టి కాపలా ఉంటుంది. వారిని అడిగి చేయండి, లేదా చుట్టుపక్కల ప్రైవేటు స్థలం యజమాని ఒప్పుకుంటే అక్కడి నుంచి లేపండి. నీళ్ల మీద ఎగరేసేటప్పుడు బాగా కిందికి దింపొద్దు. అడుగున ఉన్న సెన్సార్లు అల మెరుపుని నేలగా పొరబడి ఎత్తు తప్పు చదువుతాయి. గద్దలు కూడా ఎక్కువ అక్కడ. గద్ద వెంటపడితే పక్కకి తప్పించడం కన్నా నేరుగా పైకి లేపితే వదిలేస్తుంది, మీ ఎత్తు గీత చూసుకుని.

మీ అపార్ట్‌మెంట్ విషయంలో సొసైటీ నుంచి రెండు లైన్ల ఈమెయిల్ తీసుకోండి. ఎదుటి టవర్ బాల్కనీల వైపు కెమెరా తిప్పకండి. 20వ అంతస్తులో కర్టెన్ వేసుకోని ఇంట్లోవాళ్లకి కిటికీ ముందు డ్రోన్ కనిపిస్తే 100కి ఫోన్ చేయడంలో తప్పేముంది?

పెళ్లివీడియో_బాబాయ్:

పెళ్లి సంగతి నేను చెబుతా తమ్ముడూ. శంషాబాద్ ఫంక్షన్ హాళ్లు చాలావరకు ఎయిర్‌పోర్ట్ రోడ్డు చుట్టూతానే ఉంటాయి, అది రెడ్. హాలు అడ్రస్ పట్టుకుని మ్యాప్‌లో పిన్ వేసి చూడు. రెడ్ వస్తే అక్కడితో వదిలెయ్యి. ఫొటోగ్రాఫర్ "మేం రోజూ ఎగరేస్తాం, ఏం కాదు" అంటాడు. పెళ్లి బరాత్ మధ్యలో పోలీసులు వస్తే నిలబడేది ఆయన ఒక్కడే కాదు, పిలిచిన ఇంటివాళ్లు కూడా.

ఎల్లో వస్తే అర్జీ పెట్టే దారి ఉంది. శంషాబాద్, బేగంపేట ఏటీసీలు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ చేతిలో, హకీంపేట, దుండిగల్ వైమానిక దళం చేతిలో. డ్రోన్ యూఐఎన్, చోటు అక్షాంశ రేఖాంశాలు, ఎత్తు, తారీఖు, ఏ గంట నుంచి ఏ గంట దాకా అన్నీ ఇవ్వాలి. ముహూర్తం తెల్లవారుజామున అయితే తారీఖు ఒకటి ముందుకో వెనక్కో రాసేస్తారు, అది చూసుకో. వారం ముందు మేలుకుంటే పని జరగదు, హాలు బుక్ చేసిన రోజే మొదలుపెట్టాలి.

గ్రీన్‌లో ఉన్న హాలు దొరికితే, డబ్బు తీసుకుని తీసే ఫొటోగ్రాఫర్ దగ్గర ఏం చూడాలంటే: 250 గ్రాములు దాటిన డ్రోన్ అయితే యూఐఎన్, రిమోట్ పైలట్ సర్టిఫికెట్, ఇన్సూరెన్స్ పేపర్, ఈ మూడూ ఉండాలి. ఆ డ్రోన్ మోడల్‌కి టైప్ సర్టిఫికెట్ కూడా ఉండాలి. పైలట్ సర్టిఫికెట్ మీద పేరు, ఆ రోజు రిమోట్ పట్టుకునే మనిషి పేరు ఒకటేనా చూడు. స్టూడియో ఓనర్‌కి సర్టిఫికెట్ ఉండి అసిస్టెంట్ ఎగరేస్తే లేనట్టే. ఆ సర్టిఫికెట్‌కి వయసు 18 నుంచి 65 మధ్య, పదో తరగతి పాస్, డీజీసీఏ గుర్తింపున్న శిక్షణ సంస్థలో కోర్సు కావాలి. ఒకసారి వస్తే 10 ఏళ్లు పనికొస్తుంది కాబట్టి నిజంగా ఈ వృత్తిలో ఉన్నవాళ్లకి అది ఉండకపోవడానికి కారణం లేదు.

హాలు రెడ్‌లో ఉండి నీకు పైనుంచి షాట్ కావాలంటే, 5 మీటర్ల టెలిస్కోపిక్ కర్ర, దాని కొసకి యాక్షన్ కెమెరా. మండపం పైనుంచి తలంబ్రాలు పడేటప్పుడు తీస్తే డ్రోన్ కంటే బాగా వస్తుంది, ఫ్యాన్ గాలికి పూలు ఎగరవు, మంత్రాలు వినపడతాయి.

కోకాపేట_కుర్రాడు:

బాబాయ్, హాలు పిన్ పెట్టి చూశాను, రెడ్. కర్రే కొంటాను. గోల్కొండ కూడా పక్కన పెట్టేశాను. ఇక గండిపేట, టెర్రస్. ఈ రెండూ మ్యాప్‌లో గ్రీన్‌గానే కనిపించాయి. ఈ ఆదివారం పొద్దున్నే వెళ్లొచ్చా?

పటం_చూడు:

ఈ రోజు చూసిన రంగు ఆదివారానికి చెల్లదండి. శనివారం రాత్రి ఒకసారి, ఎగరేసే ముందు అక్కడే ఫోన్‌లో ఇంకోసారి చూడండి. ఎగరేసే ముందు తాజా మ్యాప్ చూడటం సలహా కాదు, రూలే. రాష్ట్ర ప్రభుత్వం గానీ పోలీసులు గానీ ఎస్పీ స్థాయికి తగ్గని అధికారి ద్వారా ఏ చోటునైనా తాత్కాలిక రెడ్ జోన్‌గా ప్రకటించొచ్చు, ఒక్కసారికి 96 గంటల దాకా. ప్రధాని, రాష్ట్రపతి పర్యటనలు, పెద్ద సభలు, నిమజ్జనం, క్రికెట్ మ్యాచ్ ఉన్న రోజుల్లో ఊరి రంగే మారిపోతుంది.

దీనికి తోడు నగరంలో పోలీసు కమిషనర్లు విడిగా ఉత్తర్వులు ఇస్తుంటారు, పాత 144 స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 163వ సెక్షన్ కింద. డ్రోన్లు, పారాగ్లైడర్లు, మైక్రోలైట్లు ఫలానా తారీఖు దాకా ఎగరేయరాదని అందులో ఉంటుంది. ఇవి మ్యాప్‌లో కనిపించకపోవచ్చు. మీ చోటు ఏ కమిషనరేట్ కిందికి వస్తుందో ముందు తేల్చుకుని, ఆ కమిషనరేట్ అధికారిక సోషల్ మీడియా పేజీలో గత నెల రోజుల పోస్టులు చూడండి. కోకాపేటది సైబరాబాద్, గోల్కొండది హైదరాబాద్, రెండింటి ఉత్తర్వులూ వేరు. ఉత్తర్వు మీరితే బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 223 కింద కేసవుతుంది. పాత్రికేయ మిత్రులు ఉంటే వాళ్లని అడిగినా చెబుతారు, ఈ ఉత్తర్వులు వాళ్లకి ముందే అందుతాయి.

అన్నింటికంటే తేలికైనది స్థానిక స్టేషన్‌కి ముందు రోజు ఫోన్ చేసి చెప్పడం. పేరు, చోటు, సమయం, డ్రోన్ బరువు, యూఐఎన్. గ్రీన్‌లో వాళ్ల అనుమతి చట్టం అడగదు, కానీ ఎవరైనా ఫిర్యాదు చేసినప్పుడు వచ్చే కానిస్టేబుల్‌కి మీ గురించి ముందే తెలిసి ఉంటుంది.

గాలిమోటర్:

నేనొక్కటి కలుపుత. ఫోన్‌ల ఒక ఫోల్డర్ చేసుకో: యూఐఎన్ కాగితం, కొన్న బిల్లు, ఆ రోజు పొద్దుగాల తీసిన మ్యాప్ స్క్రీన్‌షాట్, సొసైటీ మెయిల్. స్క్రీన్‌షాట్‌ల పిన్, టైమ్ రెండూ కనపడాలె. ఎవరన్నా అడిగితే ముందుగాల డ్రోన్ దింపు, మోటర్లు ఆపు, బ్యాటరీ తీసి చేతుల పట్టుకో, తర్వాత మాట్లాడు. గాల్ల ఉన్నప్పుడు వాదన పెట్టుకుంటే కండ్లు స్క్రీన్ మీద ఉండయ్, డ్రోన్ పోయి ఎవరి మీదనో పడ్తది. ప్రమాదమైతే 48 గంటల లోపట ఆన్‌లైన్‌ల డీజీసీఏకి రిపోర్ట్ ఇయ్యాలె, అదీ రూల్‌ల ఉంది.

హెలికాప్టర్ చప్పుడు ఇనపడితే ఎక్కడుందో ఎతుకొద్దు, ఎంటనే కిందికి దించు. దారి ఎప్పుడూ మనిషి ఉన్న విమానానిదే. సంక్రాంతి నెలల మాత్రం టెర్రస్ దిక్కు పోకు అన్నా, మాంజా గాల్ల కనపడదు, ప్రొపెల్లర్‌కి చుట్టుకుంటే 32 అంతస్తుల మీదికెళ్లి రాయి లెక్క పడ్తది. ఆదివారం గండిపేటల పొద్దుగాల ఆరున్నరకు గాలి తక్కువుంటది, తొమ్మిది దాటితే నీళ్ల మీద గాలి లేస్తది.